బిడ్డల పెంపకము: దండించు కఱ్ఱ, ఆలకించు కఱ్ఱ



పోయిన నెలలో బిడ్డల చదువునుగూర్చి నేను వ్రాసిన మాటలు చదివి, మన పాఠకురాలొకతె నాకొక జాబు వ్రాసినది. ఆమె పేరును, ఊరును ఇచ్చట చెప్పను. జాబులోని సంగతి మాత్రము మనలో పెక్కుమందికి సంబంధించినది గనుక దానిని సంగ్రహముగా తెలుపుచున్నాను.

ఆమెకు తొమ్మిదేండ్ల కుమారుడు కలడు. వాడు పెట్టెలోని పదిరూపాయల నోటు తీసి, అడుగగా తీయలేదనెను. ఆమె కొట్టినది. కొన్ని దినములకు వాడు మఱల తీసెను, మఱల బొంకెను. ఈమాఱు బొంకు మునుపటికంటె నేర్పుగా నుండెను. కొట్టకున్న చెడిపోవునేమోయని భయము, కొట్టినకొలది బొంకు ముదురుచున్నది. అత్తగారు బెత్తము వాడుమని దేవుడే సెలవిచ్చెననుచున్నారు. తనకు దారి తోచకున్నదని ఆ సోదరి వ్రాసినది.

ఈ ప్రశ్నకు గ్రంథములు చూచి ప్రత్యుత్తరము వ్రాయుటకు ముందు, నా యింట జరిగినదానిని చెప్పవలసియున్నది. ఏలయన ఆ సోదరి చేసిన పొరపాటును నేనామెకంటె నెక్కువగా చేసితిని.

మాది మందమర్రి. మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమ, కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము మీద నున్న బొగ్గుగనుల ఊరు. నా భర్త ముప్పదియేండ్లు బాయిలో పనిచేసిరి. మా ప్రాంతమున గనిని బాయి యనియే యందురు. బాయిలో పనిచేయువాని యింటికి సూర్యుడు గడియారము కాడు, షిఫ్టే గడియారము. ఒకవారము ఉదయపు షిఫ్టు, ఒకవారము మధ్యాహ్నపు షిఫ్టు, ఒకవారము రాత్రి షిఫ్టు. రాత్రియంతయు భూమిలోపల నుండి వచ్చిన మనిషి పగలు నిద్రింపవలెను. నిద్ర చాలని కన్నులతో మరునాడు దిగినచో ఏమగునో బాయిపనివారి భార్యలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మాది రెండుగదుల క్వార్టరు. ఇద్దరు బిడ్డలు. వారు శబ్దము చేసిరా, నా చేయి లేచెడిది. మొదట చేయియే, పిమ్మట గరిటె, ఆ పిమ్మట తలుపువెనుక ఒక బెత్తము నిలిచినది. భర్త నిద్రకొఱకు కొట్టుచున్నానని నాకు నేను చెప్పుకొంటిని. బిడ్డలు నన్ను చూచిన వెంటనే మాటలాపెడివారు. ఇరుగుపొరుగువారు "నీ పిల్లలు ఎంత అణకువ!" అని మెచ్చుకొనిరి. ఆ మెప్పునకు నేను పొంగితిని.

1996వ సంవత్సరపు వానకాలమున మా పెద్దవానికి పదియేండ్లు. ఊరి వెలుపల ఇటుకలకొఱకు మన్ను త్రవ్విన గుంత యొకటి వాన నీటితో నిండియుండెను. అచ్చటికి పోవలదని గట్టిగ చెప్పియుంటిని. ఒకనాటి సాయంకాలము వాడు తడిబట్టలతో ఇల్లుచేరెను. వానలో తడిసినాడనుకొంటిని. ఆ రాత్రి మా పక్కింటి బాలునికి, వాడెనిమిదేండ్లవాడు, దగ్గు మొదలయ్యెను. తెల్లవారుసరికి జ్వరము, మధ్యాహ్నమునకు ఊపిరి బరువు. వాని తల్లితో నేనును ఆసుపత్రికి పోతిని. మావాడు నా కొంగు పట్టుకొని వచ్చెను.

వైద్యుడు బాలుని ఱొమ్ము పరీక్షించి, వీడెక్కడనైన నీటిలో పడినాడా, నీరు మ్రింగినాడా యని యడిగెను. తల్లి లేదనెను. నేను ముందుకు వచ్చి, "వీడును మావాడును నిన్న బడినుండి నేరుగ ఇంటికి వచ్చినారు, మావాడు నాతో బొంకడు" అని రూఢిగ పలికితిని. మావాడు నా వెనుకనే నిలిచి ఆ మాట వినెను. నోరు తెఱవలేదు.

మరునాటి ఉదయము నా భర్త రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, పెరటిలో ముఖమునకంటిన బొగ్గు కడుగుకొనుచుండిరి. వాడు వారి యొద్దకు పోయి చెప్పెను. వాని మాటలనే వ్రాయుచున్నాను: "బాపూ, వాడు గుంతల పడ్డడు. నేనే చెయ్యి పట్టి గుంజిన. మస్తు నీళ్లు మింగిండు. అమ్మ కొడతదని చెప్పలే."

వారు పడుకొనలేదు. చేయి తుడుచుకొని, బిడ్డను వెంటబెట్టుకొని, ఆ బూట్లతోనే ఆసుపత్రికి పోయిరి. మురికినీరు ఊపిరితిత్తులలోనికి పోయినదని తెలిసిన పిమ్మట వైద్యుడు మందు మార్చెను. బాలుడు రెండువారములకు కోలుకొనెను. దేవునికి స్తోత్రము. కాని ఒకదినము ముందు తెలిసియుండిన ఆ పసివాడంత బాధపడకపోవునని వైద్యుడన్నమాట నేటికిని నా చెవులలో నున్నది.

సోదరీ, ఇందు నన్ను మిక్కిలి క్రుంగదీసినది మఱియొకటి కలదు. నా కుమారుడు గుంతకు పోయి తప్పు చేసెను. అయినను మునిగిపోవు వానిని చేయిపట్టి లాగి, ఒక ప్రాణము కాపాడెను. పదియేండ్ల బాలుడు అట్టి కార్యము చేసినచో పరుగెత్తుకొని వచ్చి మొదట తల్లికే చెప్పవలెను. ఆ మంచిని సైతము నాకు చెప్పుకొనలేని స్థితికి నేనే వానిని తెచ్చితిని. వాని అణకువ అణకువ కాదు, నోరు కట్టివేసిన భయము.

ఆ రాత్రి నా భర్త తలుపువెనుకనున్న బెత్తమును తీసి మంచముమీద పెట్టి, బాయిలోని సంగతి యొకటి చెప్పిరి. బొగ్గుబాయిలో సర్దారని యొక ఉద్యోగి యుండును. పనివారు పనిచోటికి చేరకమునుపు అతడు పైకప్పును చేతికఱ్ఱతో తట్టిచూచును. గట్టిగానున్న కప్పు ఖంగుమని పలుకును. లోపల విడివడిన కప్పు డొల్లగా పలుకును. డొల్లగా పలికినచోట మనుష్యులను దూరముగ నిలిపి, వదులైన దానిని క్రిందికి దింపియో, కంబములు ఆనించియో, పిమ్మటనే పని సాగనిత్తురు. కప్పును కోపముతో బాదినవాడు దానిని తన నెత్తిమీదికే తెచ్చుకొనును. తట్టి వినినవాడు తననేగాక తనతో వచ్చినవారినందఱిని కాపాడును. ఇంత చెప్పి వారు నాతో, "నీ కట్టె కొట్టుడే గని ఇనుడు లేదు" అనిరి.

ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. దేవుడు బెత్తము వాడుమన్నాడని నేనును అత్తలవలెనే వాదింపబోయితిని. ఆ వాదమును ఇచ్చట కొంచెము విచారింతము.

సామెతల గ్రంథము 13వ అధ్యాయము 24వ వచనమున తెలుగు పరిశుద్ధ గ్రంథములో బెత్తమని యున్నచోట, మూలమగు హెబ్రీ భాషలో నున్న మాట 'షేబెత్'. కాపరియొక్క కీర్తనయని మనమందఱము చిన్ననాడే కంఠస్థము చేసిన 23వ కీర్తనలో దుడ్డుకఱ్ఱ యని యున్నచోటను మూలములో ఆ మాటయే కలదు. ఒకచోట మనము వాతలు తలచుకొందుము, మఱియొకచోట ఆదరణ తలచుకొందుము. కాపరి చేతిలోని కఱ్ఱ మాత్రమొక్కటియే. దానితో అతడు తోడేలును తఱుమును. లేవీయకాండము 27వ అధ్యాయములో ఆ కఱ్ఱక్రింద మందను నడిపించి లెక్కించు వాడుకయు కనబడును. బాయిలోనికి దిగినవారెందఱు, పైకి వచ్చినవారెందఱు అని పుస్తకములో లెక్క వ్రాయుట మన గనుల చట్టములోను విధియే. ఒక్కడు తక్కువైనను వెదకుదురు. కాపరి కఱ్ఱయు అట్టి లెక్కకొఱకే. బిడ్డ యెచ్చట నున్నాడో, ఏమి మోయుచున్నాడో ఎఱుగని తల్లి యెంత గట్టిగ కొట్టినను ఆ కఱ్ఱ పట్టినదనిపించుకొనదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయమున పౌలు బిడ్డలకు విధేయత బోధించిన వెంటనే, తండ్రులు బిడ్డలకు కోపము రేపకూడదని హెచ్చరించియుండుటయు మఱవరాదు.

అట్లయిన శిక్షణయే వలదా? బిడ్డలను వారి యిష్టమునకు విడుచుటయే ప్రేమయా? కాదు. బాయిపనివారి భార్య ఆ మాట యెన్నడు అనదు. బొగ్గుబాయిలోనికి అగ్గిపెట్టెగాని బీడిగాని తీసికొని పోరాదు. దిగకమునుపు సోదా చేయుదురు. "పాపము, ఒక్క బీడి యే గదా" యని విడిచిపెట్టినవాడు ప్రేమగలవాడు కాడు. లోపలనున్న వాయువు అంటుకొన్నచో ఆ ఒక్క బీడి యెందఱి యిండ్లు చీకటి చేయునో! ఇందు గమనింపవలసినది మఱియొకటి. ఆ నియమము కూలికెట్లో పై యధికారికిని అట్లే. మన యిండ్లలో నియమములు బిడ్డలకు మాత్రమే యుండుటవలన చెడుచున్నవి. బొంకరాదని బిడ్డకు నేర్పుదుము. డ్యూటీకి నాగా పెట్టినదినమున ఎవరైన వచ్చి పిలిచినచో, "బాపు ఇంట్లో లేడని చెప్పు" అని ఆ బిడ్డనే వాకిటికి పంపుదుము. అప్పులవాడు వచ్చినను అంతే. బొంకులో మొదటి పాఠము మన గడపమీదనే జరుగుచున్నది.

మా కుమారుని విషయమున మేమేమి చేసితిమో చెప్పెదను. వానిని కొట్టలేదు, ఊరక విడువనులేదు. వాడు తండ్రితో పక్కింటికి పోయి, జరిగినదంతయు ఆ తల్లికి స్వయముగ చెప్పవలెనని నిర్ణయించితిమి. పోవునపుడు వాని కాళ్లు వణకినవి. తండ్రి చేయి వాని భుజము మీద నుండెను, మాట మాత్రము వానిచేతనే పలికించిరి. ఆ బాలునికి తప్పిపోయిన పాఠములను పదునైదు దినములు, తన ఆటవేళలో, వానికి వ్రాసియిచ్చుట శిక్షగా విధించితిమి. వాడు ఒక్కనాడైన తప్పలేదు. శిక్షకును తప్పునకును సంబంధమున్నచో బిడ్డ దానిని న్యాయమని గ్రహించును. వాతకును గుంతకును ఏమి సంబంధము?

పిమ్మట నేను చేయవలసినది మిగిలెను. ఆ తల్లియెదుట, మావాడు బొంకడని నేనూరక సాక్ష్యము పలికితిననియు, వానిచేత బొంకించినది నా బెత్తమేననియు ఒప్పుకొంటిని. ఆమె నన్ను క్షమించుటకు కొంతకాలము పట్టినది, అది న్యాయమే. తరువాత నా కుమారుని పిలిచి క్షమింపుమని యడిగితిని. తల్లి బిడ్డను క్షమింపుమనుట మన యిండ్ల వాడుక కాదు. గౌరవము పోవునని జంకుదుము. వాడేమియు అనలేదు, తలవంచుకొని నిలిచెను. నాలుగుదినములు గడచిన పిమ్మట, బడిలో ఒకని పలక పగులగొట్టితినని తనంతట తానే వచ్చి చెప్పెను. నా చేయి లేచెను, సోదరీ, అలవాటు అంత సులభముగ పోవునా? లేచిన చేయిని దింపి, "క్రొత్త పలకకు డబ్బు ఎట్లు కూర్తమో చెప్పు" అంటిని. ఆనాడు నాకు బిడ్డ తిరిగి దొరికినాడనిపించినది.

ఈ మార్గము క్రొత్తదియని యెవరైన శంకింపవచ్చును. కాదు. మెథడిస్టు సంఘమును స్థాపించిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీని గూర్చి వినియుందురు. మన మెదకునందు 1924లో ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయము ఆ వెస్లియను మిషను వారు కట్టించినదే. 1947లో ఆ సంఘమును తక్కిన సంఘములతోగూడి దక్షిణ ఇండియా సంఘములో కలిసినది. సుసన్నమ్మ ఇంగ్లండులో ఎప్‌వర్తు అను ఊరి బోధకుని భార్య. పందొమ్మిదిమంది బిడ్డలను కని, వారిలో పెక్కుమందిని పసితనముననే పోగొట్టుకొన్న తల్లి. తన పెంపకపు పద్ధతిని 1732లో కుమారునికి వ్రాసిన జాబులో వివరించినది. ఆమె బెత్తమును ఎఱుగనిది కాదు. ఏడాది బిడ్డయే మెల్లగ ఏడ్చుట నేర్వవలెనన్న కఠినురాలు. ఆ కాఠిన్యమును మనము అనుసరింప నక్కఱలేదు. కాని అంత కఠినురాలును కొన్ని కట్టుబాట్లను తనకు తానే విధించుకొనెను. తప్పు చేసిన బిడ్డ దానిని దాపఱికము లేక ఒప్పుకొని దిద్దుకొందునన్నచో కొట్టరాదు. ఒక తప్పునకు రెండుమాఱులు శిక్షింపరాదు, క్షమించిన దానిని మఱల ఎత్తిపొడువరాదు. బిడ్డ మంచి తలంపుతో చేసినది చక్కగ కుదురకున్నను, ఆ తలంపును మెచ్చుకొనవలెను. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను. ఒకరి సొత్తు గుండుసూది యంతదైనను ముట్టరాదు. శిక్షాభయమే బిడ్డలను బొంకునకు త్రోయునని ఆమె కనిపెట్టినందుననే మొదటి కట్టుబాటు పెట్టినది. నేను మందమర్రిలో బిడ్డను ఆసుపత్రి గడపదాక తెచ్చికొని నేర్చిన పాఠమును ఆమె దాదాపు మున్నూఱేండ్లకు ముందే వ్రాసిపెట్టినది.

ఆమె చేసిన పని మఱియొకటి కలదు. వారములో ఒక్కొక్క సాయంకాలమును ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, వానితో ఒంటరిగ కూర్చుండి మాటలాడెడిది. జానుకు గురువారము. పెద్దవాడైన పిమ్మటను అతడా గురువారములను తలచుకొనుచుండెను. అంత పెద్ద సంసారములో, అంత పేదరికములో ఆమెకు చిక్కిన వేళ, ఇద్దరు బిడ్డల తల్లినగు నాకు చిక్కదా?

బిడ్డల మాట వినినందువలన ఒక దేశపు చట్టమే మాఱిన సంగతి బొగ్గుగనుల చరిత్రలోనే కలదు. ఇంగ్లండులోని గనులలో ఒకప్పుడు పసిబిడ్డలు పనిచేసిరి. గాలి త్రోవల తలుపులను తీయుటకు, మూయుటకు వారిని చీకటిలో ఒంటరిగ గంటలకొలది కూర్చుండబెట్టిరి. ప్రభుత్వము నియమించిన విచారణాధికారులు ఆ బిడ్డలను అడిగి, వారు చెప్పినదానిని వారి మాటలతోనే 1842లో అచ్చువేసిరి. చీకటియనిన భయమని బిడ్డలే చెప్పుకొన్న ఆ మాటలు చదివి దేశము సిగ్గుపడెను. తరువాత షాఫ్ట్స్‌బరీ ప్రభువని పేరుపొందిన ఆష్లీ యను భక్తిపరుడు శాసనసభలో పట్టుబట్టగా, స్త్రీలను, పదియేండ్లలోపు బాలురను గనిలోపల పనికి దింపరాదని ఆ యేటనే చట్టమయ్యెను. మన రాజ్యాంగము 24వ అధికరణమును పదునాలుగేండ్లలోపు బిడ్డలను గనులలో పనికి పెట్టరాదని నిషేధించుచున్నది. బాయి చీకటినుండి బిడ్డను చట్టము తప్పించినది. తలుపువెనుక బెత్తమున్న యింటిలోని చీకటినుండి తప్పింపవలసినది తల్లి.

మన బొగ్గు ప్రాంతముతో సంబంధముగల పుణ్యపురుషుడొకని తలచుకొందము. 1871లో డాక్టరు కింగు ఇల్లెందు దాపున బొగ్గును కనుగొనెను. 1889 నాటికి త్రవ్వకము మొదలయ్యెను. ఆ సింగరేణి గనులకు రైలుదారి చీలు డోర్నకల్లులోనే వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1912లో, ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పుగా అభిషిక్తులై, 1945లో కన్నుమూయువఱకు పల్లెల పేదలనడుమ పాటుపడిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు భూతములను ఇంటినుండి వెడలగొట్టవలెనని ఆయన బోధించెడివారు. భక్తి గుడిలో మాత్రమే కాక పొయ్యివద్దను వాకిటివద్దను కనబడవలెనని దాని భావము. ఆ నాలుగింటితో భయమను ఐదవదానిని చేర్చుకొనుమని నా మనవి. మా ప్రాంతమున నాలుగవ భూతమును ఐదవ భూతమును చేయిచేయి పట్టుకొని వచ్చుట నేను చూచితిని. త్రాగివచ్చు తండ్రి యింటిలో బిడ్డలు అడుగుల చప్పుడునుబట్టి దాగుకొందురు. ఆ యింటి తల్లి తానైనను బిడ్డలకు భయములేని చోటు కాకున్న వారెచ్చటికి పోవుదురు?

ఇక షిఫ్టుల యిండ్లకు పనికివచ్చు నాలుగు మాటలు చెప్పెదను.

మొదటిది: "మీ బాపు రానీ, నీ పని చెప్పిస్తా" అను బెదరింపు మానవలెను. ఎనిమిదిగంటలు భూమిలోపల కష్టపడి వచ్చు మనిషిని బిడ్డలు ఎదురేగి పలుకరింపవలెనుగాని, తలారిని చూచినట్లు చూడరాదు. తప్పు జరిగినపుడున్న పెద్దయే దానిని దిద్దవలెను.

రెండవది: పగటి నిద్రకొఱకు బిడ్డలను నోరుమూయించుటకంటె ఏర్పాటు మేలు. మా వరుసలో నాలుగిండ్ల తల్లులము కూడబలుకుకొని, ఎవరి యింట రాత్రి షిఫ్టువారు నిద్రింతురో ఆ యింటి బిడ్డలను తక్కినవారు చూచుకొనునట్లు చేసికొంటిమి. అందు క్రైస్తవుల యిల్లు మాదొక్కటియే. నీ పొరుగువారిని ప్రేమింపుమను ఆజ్ఞను మా బిడ్డలు ఆ నాలుగిండ్లలో అన్నము తిని నేర్చిరి.

మూడవది: కుటుంబ ప్రార్థనకు వేళ కుదురదని మానరాదు. మా యింట షిఫ్టు మాఱినపుడెల్ల వేళ మాఱెను, ప్రార్థన మానలేదు. ఒకవారము తెల్లవారుజామున, ఒకవారము రాత్రి భోజనము ముందు. అందులో ఒక నియమము పెట్టుకొంటిమి. ఆ దినమున తాను చేసిన తప్పునొకదానిని మొదట పెద్దలే చెప్పవలెను. "నేడు కోపముతో మాటాడితిని" అని తండ్రి చెప్పుట వినిన బిడ్డకు, తప్పు ఒప్పుకొనుట చావు కాదని తెలియును.

నాలుగవది: కోపము చల్లారకమునుపు శిక్ష విధింపరాదు, పదిమందిలో విధింపరాదు, విధించినదానిని సడలింపరాదు. నేటి యిండ్లలో చేతిఫోనునుగూర్చి తగవులు ఎక్కువ. భోజనమువేళ ఫోను ముట్టరాదని నియమము పెట్టినచో, సోదాకు లోబడు అధికారివలె తల్లిదండ్రులును తమ ఫోనులను అలమారలో పెట్టవలెను.

బడిలో పంతులు కొట్టి దారికి తేవలెనని కోరు తల్లులు ఇంకను కలరు. 2010 ఏప్రిలునుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో బిడ్డలను బడిలో కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. పంతులుచేత చేయింపరాని పనిని మనము ఇంట చేయుట తగునా?

ఇప్పుడు జాబు వ్రాసిన సోదరికి నా ప్రత్యుత్తరము. అమ్మా, నీ కుమారుడు నోటు తీసెను, అది తప్పే. దానిని చిన్నదని త్రోసివేయవలదు. కాని వాడెందుకు తీసెనో నీ జాబులో లేదు. నీవు అడుగలేదేమో. అడిగినను చేత కఱ్ఱ పట్టుకొని యడిగియుందువు. ఒక సాయంకాలము వానిని ఒంటరిగ కూర్చుండబెట్టుకొని, నిజము చెప్పినచో కొట్టనని మాట యిమ్ము. ఇచ్చిన మాటను, వాడేమి చెప్పినను, తప్పవలదు. ఆ నోటు మిఠాయికి పోయినదో, పెద్ద పిల్లవాడెవడైన బెదరించి లాగుకొనుచున్నాడో, స్నేహితుని ఆకలికి ఇచ్చెనో అప్పుడు తెలియును. ఒక్కొక్కదానికి మందు వేఱు. తట్టి వినక మందు వేయరాదు. తీసిన సొమ్మును మాత్రము వాడు ఏదో యొక పనిచేసి పెట్టెలో మఱల నింపవలెను. నిండినదినమున దానినిగూర్చి మఱల మాటాడవలదు. మొదటి సాయంకాలమే వాడు నోరు విప్పకపోవచ్చును. రెండవ సాయంకాలమును కూర్చుండుము. నాకు నాలుగు దినములు పట్టినవి, నీకు నాలుగు నెలలు పట్టవచ్చును.

మీ అత్తగారితో వాదులాడవలదు. ఆమె తన బిడ్డలను ప్రేమించియే కొట్టియుండును, నేనును అట్లే కొట్టితిని. ఆమె ప్రక్కన కూర్చుండి 23వ కీర్తనను చదివి వినిపింపుము. ఆ కఱ్ఱను ఆమెయు ఎఱుగును.

మా యింటి బెత్తము ఏమయ్యెనని మీరడుగుదురేమో. నా భర్త దానిని పెరటిలో చిక్కుడుపాదునకు ఊతగ నాటిరి. ఆ వానకాలము ముగియునాటికి దానినిండ తీగ ప్రాకినది. మా పెద్దవానికి ఇప్పుడు తన బిడ్డలు కలరు. ఆ పిల్లలు తమ తప్పులను వానితో నవ్వుచు చెప్పుకొనుట చూచినపుడెల్ల, ఆసుపత్రిలో నా వెనుక నోరుమూసికొని నిలిచిన పదియేండ్ల బాలుడు నాకు జ్ఞప్తికి వచ్చును.

వచ్చు నెలలో, సెలవుదినములలో బిడ్డలకు నేర్పదగిన ఇంటిపనులనుగూర్చి వ్రాసెదను. ఈ విషయమున మీ యనుభవములు నాకు వ్రాయుడు.

ఇట్లు,
మీ సోదరి.